అర నూలు లెక్క: సైకిల్ చైన్ ఎన్నాళ్ళు వస్తుంది, ఎలా చూసుకోవాలి

"చైన్ ఎన్ని కిలోమీటర్లు వస్తుందండీ?" కొత్తగా గేర్ సైకిల్ కొన్నవాళ్ళు నన్ను మొదట అడిగే ప్రశ్న ఇదే. అందరూ చెప్పే లెక్క 2,000 నుంచి 5,000 కిలోమీటర్లు. ఆ లెక్క తప్పేమీ కాదు. కానీ రెండింటికీ మధ్య అంత దూరం ఉంటే మీ చైన్ ఎప్పుడు మార్చాలో మీకెలా తెలుస్తుంది?

నేను చెన్నైలో తిరువాన్మియూరులో ఉంటాను. ఆఫీసు ఓఎమ్మార్‌లో (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు). రానూపోనూ 25 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు తొక్కితే 550 కిలోమీటర్లు అవుతుంది. ఒక చైన్ నాకు 1,500 కిలోమీటర్లకే పోయింది. దాని తర్వాత వేసిన చైన్ 4,000 దాటింది. అదే సైకిల్, అదే రోడ్డు, అదే రకం చైన్. మొదటిదానికి వారం వారం నూనె పోశాను, ఒక్కసారీ తుడవలేదు. రెండోదానికి నూనె తక్కువ వేసి, గుడ్డతో ఎక్కువ తుడిచాను. తేడా అంతే. కాబట్టి కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టండి. చైన్‌ను కొలవడం నేర్చుకోండి, తుడవడం అలవాటు చేసుకోండి. ఆ రెండూ ఎలాగో చెబుతాను.

ముందు చైన్ ఎలా పాడవుతుందో చూడండి

అందరూ "చైన్ సాగిపోయింది" అంటారు. నిజానికి ఆ ఇనుప ప్లేట్లు మన కాలి బలానికి సాగవు. చైన్‌ను దగ్గరగా పట్టుకుని చూడండి. ప్రతి అర అంగుళానికీ ఒక పిన్ను ఉంటుంది. పిన్ను చుట్టూ లోపలి ప్లేట్లు, ఆ ప్లేట్ల మధ్య ఒక చిన్న రోలర్. 1880లో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన మాంచెస్టర్‌లో రోలర్ చైన్ కనిపెట్టాడు. మన సైకిల్ చైన్ ఈ రోజుకీ ఆ పద్ధతిలోనే పనిచేస్తోంది. చైన్ పళ్ళ చక్రం మీదికి ఎక్కి వంగినప్పుడల్లా ఆ పిన్ను తన కంతలో కొంచెం తిరుగుతుంది. నిటారుగా అయినప్పుడు మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. ఆ సందులో నూనె ఉంటే నున్నగా జారుతుంది. ఇసుక ఉంటే ఆకురాయి పెట్టి రుద్దినట్టే.

ఒక్కో పిన్ను దగ్గర అరుగుదల 0.06 మిల్లీమీటర్లంటే తల వెంట్రుక మందం. అంత చిన్నది కంటికి కనిపించదు. కానీ అడుగు పొడవు చైన్‌లో అలాంటి కీళ్ళు 24 ఉంటాయి. అన్నీ కలిస్తే ఒకటిన్నర మిల్లీమీటరు. చైన్ మొత్తం మీద చూస్తే అర సెంటీమీటరు దాటుతుంది. అప్పుడు చైన్ రోలర్లు వెనక చక్రం పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోవు, పన్ను అంచుకి ఎక్కి కూర్చుంటాయి. ఒక్కో పన్నునూ కొంచెం కొంచెంగా కొరుకుతాయి. ఇదే అసలు నష్టం. చైన్ తక్కువ ధరకే వస్తుంది. వెనకున్న క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి), ముందున్న చైన్ వీల్ దానికి ఎన్నో రెట్లు ఖరీదు. సమయానికి చైన్ మారిస్తే రెండు మూడు చైన్ల వరకు ఒకే క్యాసెట్‌తో గడిచిపోతుంది. మార్చకుండా లాగితే అన్నీ కలిపి మార్చాల్సి వస్తుంది.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. ఆ 1,500 కిలోమీటర్ల చైన్‌ను నేను ఆ తర్వాత కూడా చాలా దూరం లాగాను. చివరికి ఒక షాపులో ఇస్తే చైన్ ఒక్కటే మార్చి ఇచ్చారు, వెనక పళ్ళు చూడలేదు. మర్నాడు పొద్దున అడయారు బ్రిడ్జి ఎక్కుతూ లేచి నిలబడి గట్టిగా తొక్కాను. చైన్ పళ్ళ మీద నుంచి టక్కున జారింది. కాలు ఒక్కసారిగా కిందికి పోయి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. వెనక బస్సు వస్తోంది. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ నిలవదు. పాత చైన్, పాత పళ్ళు కలిసే అరిగాయి కాబట్టి వాటికవి సరిపోయాయి, కొత్తది వాటికి సరిపోలేదు. పడలేదు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి నెలకోసారి కొలవకుండా ఉండను.

కొలవడం: వడ్రంగి టేపు చాలు

దీనికోసం చైన్ చెకర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. తరచూ తొక్కేవాళ్ళు కొనుక్కోవచ్చు. కానీ ఇంట్లో ఉండే స్టీలు టేపుతో కూడా బాగానే కొలవచ్చు.

ఇక్కడ చెన్నైలో వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. "రెండు అంగుళాల మూడు నూలు" అని చెక్క కొలుస్తారు. చైన్ కొలతకు ఆ లెక్కే బాగా అతుకుతుంది, గుర్తూ ఉంటుంది.

సైకిల్‌ను గోడకు ఆనించండి. వెనక బ్రేకు పట్టుకుని పెడల్‌ను కొంచెం కిందికి నొక్కితే పైన ఉన్న చైన్ బిగుసుకుంటుంది. ఇంకొకరు సాయం ఉంటే మంచిది, లేకపోతే బ్రేకు లివర్‌కు ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. గుడ్డతో ఆ భాగం తుడవండి, పిన్నుల తలలు స్పష్టంగా కనబడాలి. ఇప్పుడు టేపు పెట్టండి. టేపు మొదట్లో ఉండే కొక్కెం కొంచెం కదులుతుంది కాబట్టి అక్కడి నుంచి కొలవకండి. 1 అంగుళం గీతను ఒక పిన్ను ఎడమ అంచుకు సరిగ్గా పెట్టి, 13 అంగుళాల గీత దగ్గర చూడండి. మధ్యలో 12 అంగుళాలు.

కొత్త చైన్ అయితే 13 గీత మీదే ఇంకో పిన్ను ఎడమ అంచు ఉంటుంది. వెంట్రుకంత తేడా కూడా ఉండదు. అరిగిన చైన్‌లో ఆ పిన్ను గీత దాటి కుడివైపుకు పోతుంది. ఎంత దాటిందో చూడండి.

అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు దాటితే అరుగుదల సుమారు అర శాతం. మీ సైకిల్ వెనక ఉన్న పళ్ళ చక్రాలు మొత్తం 10, 11 లేదా 12 అయితే ఇదే మార్చే సమయం. వాటి చైన్లు సన్నగా ఉంటాయి, పళ్ళు కూడా సన్నం, ఆలస్యం చేయకూడదు. 6 నుంచి 9 వరకు ఉన్న సైకిళ్ళకు అర నూలు దగ్గర కొత్త చైన్ కొని ఇంట్లో పెట్టుకోండి, ముప్పావు నూలు దగ్గర మార్చేయండి. గేర్లు లేని మామూలు సైకిల్ చైన్ ఒక నూలు దాకా, అంటే ఒక శాతం దాకా లాగవచ్చు. గేరు సైకిల్‌లో ఒక నూలు దాటిపోయి ఉంటే చైన్‌తో పాటు వెనక పళ్ళు కూడా చూపించుకోండి.

ఒక్కచోట కొలిచి వదిలేయకండి. చైన్ అంతా ఒకేలా అరగదు. పెడల్ తిప్పుతూ మూడు చోట్ల కొలిచి, అందులో ఎక్కువ వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోండి.

టేపు లేనప్పుడు ఇంకో చిన్న పరీక్ష ఉంది. ముందు పెద్ద చక్రం మీద, హ్యాండిల్ వైపు ఉన్న చివర చైన్‌ను వేళ్ళతో ముందుకు లాగండి. పన్ను సగం కనబడేంతగా చైన్ లేస్తే బాగా అరిగినట్టే. ఇది ఉజ్జాయింపు మాత్రమే, కొలతకు బదులు కాదు.

మన ఊళ్ళో చైన్‌కు శత్రువు ఉప్పు గాలి

మా నాన్నగారికి నెల్లూరులో హెర్క్యులిస్ సైకిల్ ఉండేది. ఇక్కడి అంబత్తూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. దానికి చైన్ మార్చడం నేను చిన్నప్పుడు ఒక్కసారీ చూడలేదు. ఇప్పటి చైన్లు నాసిరకమని చాలామంది అనుకుంటారు. అది కాదు కారణం. ఆ సైకిల్ చైన్ మొత్తం రేకు కవర్ లోపల ఉండేది. దుమ్ము, వాన, ఇసుక దాని దాకా పోయే దారే లేదు. పైగా చైన్ వెడల్పు, ముందు వెనక చక్రాలు ఒకే గీతలో, ఎటూ పక్కకు వంగే పని లేదు. మనం ఇప్పుడు తొక్కే గేరు సైకిల్ చైన్ సన్నగా, తెరిచి, అటూ ఇటూ వంగుతూ పని చేస్తుంది. దానికి ఆ రేకు కవర్ చేసే పని మన చేతులే చేయాలి.

చెన్నైలో సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి. వానే అక్కర్లేదు, గాలిలోనే ఉప్పు, తేమ. బెసెంట్ నగర్ బీచ్ వైపు వెళ్ళి గంటసేపు సైకిల్ ఆపి వస్తే మర్నాడు చైన్ ప్లేట్ల అంచున ఎర్రటి పొడి కనిపిస్తుంది. ఇసుకలో మాత్రం నడిపించకండి. సముద్రపు ఇసుక రేణువు ఒకసారి రోలర్ కిందికి పోతే గుడ్డతో తీయలేం, కడిగితేనే పోతుంది.

సైకిల్ ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో కింద కార్ల పక్కన పెట్టేవాణ్ణి. రోజూ పొద్దున కార్లు కడిగేటప్పుడు ఆ నీళ్ళ తుంపర చైన్ మీద పడుతోందని ఆరునెలలకు గానీ గమనించలేదు. సబ్బు నీళ్ళు కాబట్టి ఉన్న నూనె కూడా కడుక్కుపోయేది. ఇప్పుడు మెట్ల కింద పెట్టి పాత దుప్పటి కప్పుతున్నాను. సముద్రం వైపు బాల్కనీలో పెట్టేవాళ్ళు కూడా కప్పి పెట్టండి.

వారానికి ఐదు నిమిషాలు: తుడవండి, తర్వాతే నూనె

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఈ పని గురించే. మిగతావి మరిచిపోయినా ఇది మరవకండి.

పాత బనియన్ గుడ్డ తీసుకోండి. నూలు గుడ్డ అయితేనే నూనె పీల్చుకుంటుంది. గుడ్డను కింది చైన్ చుట్టూ వదులుగా పట్టుకుని, ఇంకో చేత్తో పెడల్‌ను వెనక్కి తిప్పండి. పది పదిహేను చుట్లు. గుడ్డ మీద నల్ల చారలు పడతాయి. గుడ్డ మడత మార్చి మళ్ళీ తిప్పండి. ఆ నలుపు మామూలు మురికి కాదు, నూనెలో కలిసిన ఇనుప పొడి, రోడ్డు దుమ్ము. రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తే గరగరలాడుతుంది. దాని మీదే మళ్ళీ నూనె పోస్తే ఆ గరుకు పొడిని నూనె లోపలికి మోసుకుపోతుంది. నేను మొదటి చైన్‌కు చేసిన తప్పు ఇదే.

జాగ్రత్త ఒకటి. చైన్ పళ్ళ మీదికి ఎక్కే చోటుకి వేళ్ళు పోనివ్వకండి, కింది వరుస మధ్యలోనే పట్టుకోండి. పిల్లలుంటే పక్కన ఉండి చూసుకోండి. చక్రం తిరుగుతుండగా వాళ్ళు వేలు పెట్టడం క్షణంలో జరిగిపోతుంది.

తుడిచాక చైన్ పొడిగా, తిప్పితే కీచుమంటూ ఉంటేనే నూనె వేయాలి. ప్రతివారం వేయాలన్న నియమం లేదు. నాకు ఎండాకాలంలో 150, 200 కిలోమీటర్లకు ఒకసారి పడుతుంది. వానల్లో ప్రతి తడికీ ఒకసారి.

వేసే పద్ధతి ఇలా. చైన్‌లో మిగతావాటికన్నా వేరుగా కనిపించే ఒక లింకు ఉంటుంది, విప్పడానికి వీలుగా. దాన్ని గుర్తు పెట్టుకోండి, లేదా ఒక ప్లేటు మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. కింది చైన్ లోపలివైపు, అంటే పళ్ళకు తగిలే వైపు, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేస్తూ పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పండి. గుర్తు మళ్ళీ వచ్చేసరికి ఒక చుట్టు పూర్తయింది, ఆపండి. సుమారు 110 రోలర్లు, 110 చుక్కలు. ఐదారు మిల్లీలీటర్లు కూడా కాదు. తర్వాత పెడల్ ఒక ఇరవై చుట్లు తిప్పండి, నూనె లోపలికి దిగుతుంది. పది నిమిషాలు వదిలేసి కాఫీ తాగి రండి. వచ్చాక శుభ్రమైన గుడ్డతో మళ్ళీ చైన్ పైభాగం తుడిచేయండి. "ఇప్పుడే వేసిన నూనె తుడిచేయడమేంటి?" అని మా పై ఫ్లోర్ కుర్రాడు అడిగాడు.

"లోపల ఉన్నది పోదు నాన్నా. బయట మిగిలింది ఉంటే రేపు రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుంటుంది" అన్నాను.

"అయితే బయట ప్లేట్లకు నూనె అక్కర్లేదా అంకుల్?"

"తుప్పు పట్టకుండా పలచటి పొర చాలు. గుడ్డ తుడిచాక మిగిలేది అంతే కదా."

నూనె బ్రేకుల మీద పడకూడదు. డిస్కు బ్రేకు ఉన్న సైకిల్ అయితే ఒక చుక్క డిస్కు మీద పడినా బ్రేకు పట్టదు. చుక్క చుక్కగా వేసేది అందుకు కూడా. స్ప్రే చేయకండి.

ఏ నూనె

సైకిల్ షాపుల్లో చైన్ కోసం చేసిన నూనెలు రెండు రకాలు దొరుకుతాయి. డ్రై లూబ్ పలచగా ఉంటుంది, వేసి రాత్రంతా ఆరనివ్వాలి, దుమ్ము తక్కువ పట్టుకుంటుంది. జనవరి నుంచి సెప్టెంబర్ దాకా చెన్నైకి ఇదే హాయి. వెట్ లూబ్ చిక్కగా ఉంటుంది, వానకు తొందరగా కొట్టుకుపోదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు ఇది సరైనది. దానికి దుమ్ము ఎక్కువ అంటుతుంది కాబట్టి తుడవడం కూడా ఎక్కువ చేయాలి.

కుట్టు మిషన్ నూనె వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. వాడవచ్చు. పలచగా ఉండి లోపలికి బాగా దిగుతుంది, ఒక వానకు పోతుంది, మళ్ళీ వేసుకోవాలి, అంతే. ఏమీ వేయకుండా ఉండటం కన్నా చాలా నయం.

వంటనూనె, కొబ్బరినూనె వద్దు. కొన్నాళ్ళకు జిగురు కట్టి దుమ్ముతో గట్టిపడతాయి. గ్రీజు వద్దు, అది పిన్ను దగ్గరికి దిగదు, బయట ముద్దగా ఉండిపోతుంది. బైకు నుంచి తీసిన వాడేసిన ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. అందులో ఇంజిన్ అరిగిన ఇనుప పొడే ఉంటుంది. డబ్ల్యుడీ-40 అనే స్ప్రే మామూలు డబ్బా గురించి కూడా చెప్పాలి. అది తడిని తోసేయడానికి, తుప్పు వదిలించడానికి మంచిది. కానీ దాన్నే చైన్ నూనెగా అనుకోకండి, ఎక్కువసేపు నిలవదు, పైగా ఉన్న నూనెను కరిగించేస్తుంది. అది కొట్టాక తుడిచి అసలు నూనె వేయాలి.

మైనం కరిగించి చైన్ ముంచేవాళ్ళు కూడా ఉన్నారు. చైన్ అద్భుతంగా శుభ్రంగా ఉంటుంది. కానీ ప్రతిసారీ చైన్ విప్పాలి, వాన తడిస్తే అదే రోజు తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పడుతుంది. మన ఉప్పు గాలిలో రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పను.

నెలకోసారి, వాన తర్వాత వెంటనే: కడగడం

గుడ్డతో పోని మట్టి చేరితే కడగాలి. ఇంతకుముందు కిరసనాయిలు వాడేవాళ్ళం, ఇప్పుడది సులభంగా దొరకడం లేదు. డీజిల్ అర లీటరు సీసాలో తెచ్చుకుంటే నెలలు వస్తుంది. పెట్రోలు మాత్రం వాడకండి, ఇంట్లో దాని ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. డీజిల్ పని కూడా గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా చేయండి.

సైకిల్ కింద పాత పేపర్లు పరవండి. పాత టూత్ బ్రష్ డీజిల్‌లో ముంచి కింది చైన్‌ను నాలుగు వైపులా రుద్దుతూ పెడల్ తిప్పండి. వెనక పళ్ళ మధ్య ఇరుక్కున్న నల్ల ముద్దను పాత గుడ్డ అంచు దూర్చి లాగితే వచ్చేస్తుంది, అటూ ఇటూ లాగండి. గేరు మార్చే భాగంలో ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ చక్రాల మీద కూడా గట్టిపడిన మురికి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో మెల్లిగా గీకండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు మగ్గు నీళ్ళలో వేసి, అదే బ్రష్‌తో ఇంకోసారి రుద్ది కడిగేయండి. డీజిల్ మిగిలితే కొత్త నూనె పలచబడిపోతుంది.

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మీవీ అలాగే ఉంటే ఆఖరి మగ్గు మాత్రం తాగే క్యాన్ నీళ్ళతో పోయండి. తుడిచి, నీడలో గంట ఆరనిచ్చి, అప్పుడు నూనె వేయండి. తడి మీద నూనె వేస్తే తడి లోపలే చిక్కుకుపోతుంది.

వాడేసిన డీజిల్‌ను కాలువలో పారబోయకండి. సీసాలోనే మూత పెట్టి వారం కదపకుండా ఉంచితే మురికి అడుక్కి దిగుతుంది, పైనున్న తేట మళ్ళీ వాడుకోవచ్చు.

వాన నీళ్ళు నిలిచిన రోడ్డులో చైన్ మునిగితే నెలాఖరు దాకా ఆగకండి. ఇంటికి రాగానే మంచినీళ్ళు పోసి, తుడిచి, ఆరనిచ్చి, కొంచెం నూనె వేసి పడుకోండి. అలసిపోయి వచ్చిన రాత్రి ఇది కష్టమే, నాకూ తెలుసు. కానీ ఒక్క రాత్రిలో కొన్ని లింకులు బిగుసుకుపోతాయి.

బిగుసుకున్న లింకును ఇలా పట్టుకోవచ్చు. పెడల్ నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ వెనకున్న చిన్న చక్రాల దగ్గర చూడండి. ఒకచోట చైన్ నిటారుగా రాకుండా కోణంగా వంగి, టిక్ మని ఎగిరితే ఆ లింకే. దాని మీద ఒక చుక్క నూనె వేసి, రెండువైపులా చేతులతో పట్టుకుని చైన్‌ను అడ్డంగా మెల్లగా అటూ ఇటూ వంచండి. రెండు మూడుసార్లకు వదులవుతుంది.

కొత్త చైన్ వేసేటప్పుడు

కొనేముందు వెనక చక్రాలు ఎన్నో లెక్కపెట్టండి. 6, 7, 8 చక్రాలకు ఒకే రకం చైన్. 9 నుంచి దేనికి దానిదే. గేర్లు లేని సైకిల్‌కు వెడల్పు చైన్.

పెట్టెలో గేరు చైన్ సాధారణంగా 116 లింకులుంటుంది, అంత మీకు అక్కర్లేకపోవచ్చు. పాత చైన్ పక్కన పెట్టి సమానంగా కత్తిరించకండి, ఈ తప్పు చాలాచోట్ల చూశాను. 114 లింకుల పాత చైన్ ఒక శాతం అరిగితే 14 మిల్లీమీటర్లకు పైగా పొడుగవుతుంది, ఒక లింకు పొడవు 12.7 మిల్లీమీటర్లే. పక్కన పెట్టి కొలిస్తే కొత్తది ఒక లింకు ఎక్కువ వచ్చేస్తుంది. లింకులు లెక్కపెట్టి కత్తిరించండి.

గేర్లు లేని సైకిల్‌లో చైన్ లాక్ ఒక చీలిన క్లిప్పులా ఉంటుంది. దాని మూసి ఉన్న తల చైన్ నడిచే దిక్కుకు ఉండాలి, చీలిక వెనక్కి. తిరగేసి వేస్తే ఏదైనా తగిలినప్పుడు ఊడిపోతుంది. బిగుతు కూడా చూడండి. చైన్ మధ్యలో వేలితో ఎత్తితే, దించితే మొత్తం అర అంగుళం ఆడాలి.

కొత్త చైన్ మీద ఉండే చిక్కటి జిడ్డు కడగకండి. అది కంపెనీలో పిన్నుల లోపలిదాకా వేసిన మంచి గ్రీజు. పైన మాత్రం తుడిచి తొక్కండి. చైన్ వేసిన తేదీ, కిలోమీటర్లు ఫోనులో రాసుకోండి. మొదటి రోజు ఇంటి దగ్గర వీధిలోనే ఒకచోట గట్టిగా తొక్కి చూడండి. జారితే వెనక పళ్ళు కూడా మార్చాల్సిందే. పళ్ళు ఒకవైపుకు వంగి, సొరచేప రెక్కలా కొస తేలి కనిపిస్తాయి.

తొక్కేటప్పుడు ముందు పెద్ద చక్రం, వెనక కూడా అన్నిటికన్నా పెద్ద చక్రం మీద నడపకండి. ముందు చిన్నది, వెనక చిన్నది కూడా వద్దు. చైన్ బాగా పక్కకు వంగి ప్లేట్లు రాసుకుంటాయి.

ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద చైన్ తెగితే

కోవళం వైపు, మహాబలిపురం వైపు పొద్దున్నే వెళ్ళేవాళ్ళు సీటు కింద సంచిలో చిన్న చైన్ కట్టర్, మీ చైన్‌కు సరిపోయే రెండు క్విక్ లింకులు (చైన్ కొసలు రెండూ కలిపే లింకులు) పెట్టుకోండి. రెండూ కలిపినా వంద గ్రాములకు అటూ ఇటూ. ఆ దారిలో ఆదివారం పొద్దున ఆరింటికి షాపు ఏదీ తెరిచి ఉండదు.

చైన్ తెగితే ముందు రోడ్డు పక్కకు, ట్రాఫిక్‌కు అవతలి వైపు సైకిల్‌ను తీసుకెళ్ళండి. తెగిన లింకు ఎక్కడుందో చూసి, కట్టర్‌తో దాన్ని పూర్తిగా తీసేయండి. రెండు కొసల్లోనూ లోపలి ప్లేట్లు మిగలాలి, అప్పుడే క్విక్ లింక్ వాటికి పడుతుంది. క్విక్ లింక్ పెట్టి, దాన్ని పై వరుసలోకి తెచ్చి, బ్రేకు పట్టి పెడల్ మీద గట్టిగా నొక్కితే టప్ మని కూర్చుంటుంది. చైన్ పొడవు తగ్గి ఉంటే ఇంటికొచ్చేదాకా వెనక పెద్ద చక్రాల జోలికి పోకండి, చైన్ చాలక గేరు మార్చే భాగం విరుగుతుంది. వెనక మధ్య చక్రాల మీదే, సీటు మీద కూర్చునే మెల్లగా తొక్కుకుంటూ రండి.